ఇంటర్ అవగానే పెద్ద ఐటీ కంపెనీలో ఉద్యోగం, పక్కన డిగ్రీ: పంపొచ్చా?

అంబాజీపేట నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. మేనల్లుడు ఎంపీసీ 80 శాతం పైన మార్కులతో పాసయ్యాడు. ఈఏపీసెట్ ర్యాంకు బాగా వెనక పడింది. భీమవరం వైపు మేనేజ్‌మెంట్ సీటు దొరుకుతుంది గానీ దానికి కొబ్బరితోట మీద అప్పు తేవాలి. ఈలోగా ఒక పెద్ద ఐటీ కంపెనీ, ఇంటర్ వాళ్ళనే తీసుకుని ఏడాది శిక్షణ ఇచ్చి, ఉద్యోగం చేస్తూ డిగ్రీ చదువుకోవచ్చు అంటోంది. పంపొచ్చా, పంపితే రెండూ నెగ్గుకొస్తాడా అన్నది సందేహం.

పంపొచ్చండి. తోట మీద అప్పు తెచ్చి మేనేజ్‌మెంట్ సీటు కొనడం కన్నా నా లెక్కలో ఇదే మేలు. ఒక్క మినహాయింపు: కన్వీనర్ కోటాలో ఓ మోస్తరు కాలేజీలో కంప్యూటర్స్ సీటు వచ్చి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి మీవాళ్ళకి అర్హత ఉంటే బీటెక్‌కే పంపండి. ఆ రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకీ, పార్ట్‌టైమ్ కోర్సులకీ రాదు. ఉద్యోగం పక్కన చదివే డిగ్రీ ఫీజు అబ్బాయి జేబులోంచో కంపెనీ జేబులోంచో పోవాలి.

ఇంకొకటి ముందే చెప్పాలి. ఈ దారిలో చేజారేది ఉద్యోగం కాదు, డిగ్రీ. ఆఫీసుకి ఒక పూట వెళ్ళకపోతే మధ్యాహ్నానికల్లా మేనేజరు ఫోన్ చేస్తాడు. అసైన్‌మెంట్ పెట్టకపోతే ఎవరూ చేయరు. మూడో సెమిస్టర్ దగ్గర చాలామంది బండి ఆగిపోతుంది. శిక్షణ అయిపోయి అసలు ప్రాజెక్టులో పడేదీ, షిఫ్టులు మొదలయ్యేదీ, చేతిలో నాలుగు డబ్బులు ఆడేదీ సరిగ్గా అప్పుడే. రెండు పేపర్లు మిగిలిపోతాయి, తర్వాతి సెమిస్టర్ ఫీజు కట్టడం వాయిదా పడుతుంది, చివరికి నాలుగేళ్ళ అనుభవం ఉన్నా చేతిలో ఇంటర్ మెమో మాత్రమే మిగులుతుంది. అలాంటి రెజ్యూమెని వేరే పెద్ద కంపెనీలు డిగ్రీ కాలమ్ దగ్గరే పక్కన పెట్టేస్తాయి.

ముందు అది ఏ రకమో తేల్చుకోండి. మన వైపు దీన్నంతా కలిపి అప్రెంటిస్‌షిప్ డిగ్రీ అనేస్తున్నారు. నిజానికి ఇవి మూడు నాలుగు వేర్వేరు పద్ధతులు, చట్టం దృష్టిలో కూడా వేరు.

ఒకటి, మీరు అడిగినది. ఇంటర్ తర్వాత కంపెనీయే శిక్షణ ఇచ్చి ఉద్యోగంలోకి తీసుకుని, పక్కన ఏదో విశ్వవిద్యాలయంలో డిగ్రీకి చేర్పించడం. హెచ్‌సీఎల్ 2017 నుంచి నడుపుతున్న టెక్‌బీ ఈ కోవలోది. దాంట్లో బిట్స్ పిలానీ, శాస్త్ర, అమిటీ లాంటి చోట్ల చదువుకునే వీలు పెట్టారు. వాళ్ళ క్యాంపస్ గన్నవరం దగ్గర కేసరపల్లిలోనే ఉంది కాబట్టి మన జిల్లాల పిల్లలు దీని గురించే ఎక్కువ వింటారు. శిక్షణ అయ్యాక ఇది మామూలు ఉద్యోగమే, పీఎఫ్ కోతతో సహా.

రెండోది, కాలేజీలో రెగ్యులర్ డిగ్రీలో చేరి, అందులో భాగంగానే కంపెనీలో అప్రెంటిస్‌గా పనిచేయడం. యూజీసీ దీన్ని ఏఈడీపీ అంటోంది. మూడేళ్ళ డిగ్రీలో ఒక సెమిస్టర్ నుంచి మూడు సెమిస్టర్ల దాకా, నాలుగేళ్ళ డిగ్రీలో రెండు నుంచి నాలుగు దాకా కంపెనీలో గడుస్తాయి. అక్కడ చేసిన పనికే క్రెడిట్లు వస్తాయి. 30 గంటలకి ఒక క్రెడిట్, ఏడాదికి 40 క్రెడిట్లు. కాలేజీ, కంపెనీ, విద్యార్థి ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకుంటారు. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కింది డిగ్రీ కాలేజీల్లో 2020-21 నుంచి వచ్చిన 10 నెలల ఇంటర్న్‌షిప్‌నీ దీన్నీ ఒకటే అనుకోకండి. ఇంటర్న్‌షిప్‌కి స్టైపెండ్ ఇచ్చి తీరాలన్న నియమం లేదు, అప్రెంటిస్‌కి ఉంది.

మూడోది డిగ్రీ అయ్యాక. బీసీఏ, బీఎస్సీ వాళ్ళని తీసుకుని కంపెనీ ఖర్చుతో ఎంటెక్ చదివించడం. విప్రో డబ్ల్యూఐఎల్‌పీ అలాంటిదే, ఈమధ్య నోటిఫికేషన్లలో 60 నెలల ఒప్పందం అడుగుతున్నారు. దీని మీద ఆశ ఉంటే ఇప్పుడే జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది: డిగ్రీలో అసలు గణితం ఒక సబ్జెక్టుగా ఉండాలంటారు, బిజినెస్ మ్యాథ్స్ లెక్కలోకి తీసుకోరు. గణితం లేని కాంబినేషన్‌లో చేరి మూడేళ్ళ తర్వాత చూసుకుంటే చేసేదేం లేదు.

డిగ్రీ గానీ డిప్లొమా గానీ అయ్యాక ఏడాది చేసే నాట్స్ (కేంద్ర ప్రభుత్వ పథకం) అప్రెంటిస్‌షిప్ ఇంకొకటి. ఐటీ కంపెనీల్లోనే కాదు, రాజమండ్రి ఓఎన్‌జీసీలోనూ అప్రెంటిస్‌లని తీసుకుంటారు. అక్కడ 18 నుంచి 24 ఏళ్ళ లోపు వయసు, పరీక్ష ఉండదు, మార్కుల వరుసే ఎంపిక. ఏడాది అవగానే ఇంటికి పంపేస్తారన్నది తెలిసి చేరాలి.

తేడా పట్టుకోడానికి సులువైన గుర్తు: ఆఫర్ కాగితంలో స్టైపెండ్ అని ఉందా, జీతం అని ఉందా? పీఎఫ్, ఈఎస్ఐ కోతలు ఉన్నాయా? నాట్స్ పోర్టల్‌లో నమోదైన కాంట్రాక్టు నంబరు ఉందా? 1961 అప్రెంటిసెస్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ అంటే శిక్షణలో ఉన్నవాడే, కార్మికుడు కాడు. కాబట్టి పీఎఫ్ ఉండదు, ఆ ఏడాదిని ఉద్యోగ అనుభవంగా కొన్ని కంపెనీలు లెక్కపెట్టవు. శిక్షణ అవగానే ఉద్యోగం ఇచ్చి తీరాలన్న బాధ్యతా, ఒప్పందంలో రాసుకుంటే తప్ప, యజమానికి లేదు. బదులుగా కొన్ని రక్షణలున్నాయి. 2019 నిబంధనల్లో కనీస స్టైపెండ్ ఇంటర్ వాళ్ళకి 7,000, డిప్లొమా వాళ్ళకి 8,000, డిగ్రీ వాళ్ళకి 9,000 రూపాయలుగా పెట్టారు. దీన్ని 36 శాతం పెంచమని 2025 మేలో సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫారసు చేసింది కూడా. నెల స్టైపెండ్ మరుసటి నెల 10వ తేదీ లోపు పడాలి. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలి. తగాదా వస్తే అడ్వైజర్ దగ్గరే తేల్చుకోవాలి, దక్షిణాది రాష్ట్రాలకి ఈ పని చూసే అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు ఆఫీసు చెన్నైలో ఉంది. మన పక్కనున్న యానాం పుదుచ్చేరి కిందికి వచ్చినా బోర్డు మాత్రం అదే.

డిగ్రీ కాగితం మీద ఏం రాసి ఉంటుంది? బంధువుల్లో అందరూ జీతం ఎంత అని అడుగుతారు, ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. నేనైతే మొదట ఇదే అడుగుతాను.

ఇంటర్ తర్వాత ఉద్యోగంతో వచ్చేది చాలావరకు బీసీఏ గానీ బీఎస్సీ గానీ. బీటెక్ కాదు. ఇంజనీరింగ్‌ని దూరవిద్యలో చదివితే చెల్లదు. "ఆన్‌లైన్ బీటెక్, మూడేళ్ళలో చేతికిస్తాం" అని రావులపాలెం సెంటర్లో ఫ్లెక్సీ కట్టినా, కంపెనీ హెచ్ఆర్ పేరు చెప్పి ఎవరు ఫోన్ చేసినా నమ్మకండి. బీసీఏ ఆన్‌లైన్‌లోనైనా దూరవిద్యలోనైనా చెల్లుతుంది, కాకపోతే ఆ విశ్వవిద్యాలయం ఆ కోర్సుకి ఆ ఏడాదికి యూజీసీ దూరవిద్యా బ్యూరో జాబితాలో ఉండాలి. విశ్వవిద్యాలయం పేరు ఉంటే చాలదు, కోర్సు పేరు కూడా ఉండాలి. ఈ తేడా దగ్గరే దెబ్బతింటారు. ప్రవేశానికి ముందు విద్యార్థే ఏబీసీ ఐడీ (క్రెడిట్లు జమయ్యే ఖాతా) తీసుకుని దాంతో డెబ్ ఐడీ (ఆ దూరవిద్యా బ్యూరో ఇచ్చే నంబరు) తెచ్చుకోవాలి. "అవన్నీ మేం చూసుకుంటాం, ఓటీపీ చెప్పండి" అన్న ఏజెంటుకి ఓటీపీ చెప్పొద్దు, ఆ ఖాతా జీవితాంతం అబ్బాయికి ఉండాల్సినది.

బీసీఏతో ఏం వస్తుంది, ఏం రాదు? ఏదైనా డిగ్రీ చాలన్న ప్రభుత్వ పరీక్షలన్నీ రాయొచ్చు, గ్రూప్-2తో సహా. ఐసెట్ రాసి ఎంసీఏ చేయొచ్చు. గేట్ కూడా రాయొచ్చు గానీ ఎంటెక్ సీటు దగ్గరికి వచ్చేసరికి చాలా కాలేజీలు నాలుగేళ్ళ డిగ్రీ గానీ ఎంసీఏ గానీ అడుగుతాయి. ఇక అమెరికా. మన గోదావరి జిల్లాల్లో ఇంటికొకరు అక్కడున్నారు కాబట్టి దాచుకోకుండా చెబుతున్నా. మూడేళ్ళ డిగ్రీ అంటే మొత్తం 15 ఏళ్ళ చదువు. ఎంఎస్‌కి చాలా విశ్వవిద్యాలయాలు 16 ఏళ్ళు అడుగుతాయి. హెచ్1బీకి కూడా మూడేళ్ళ డిగ్రీ ఒక్కటీ అక్కడి బ్యాచిలర్స్‌కి సమానం కాదంటారు, మూడేళ్ళ అనుభవాన్ని ఒక ఏడాది చదువు కింద లెక్క వేసి సరిపెట్టాల్సి వస్తుంది. ఆ ఆలోచన ఉంటే బీసీఏ తర్వాత ఎంసీఏ తప్పదని ఇప్పుడే అనుకోండి.

కంపెనీ చూపించిన డిగ్రీనే చదవాలని లేకపోతే ఐఐటీ మద్రాస్ వాళ్ళ డేటా సైన్స్ బీఎస్ చూడండి. జేఈఈ అక్కర్లేదు, నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ రాయాలి. ఏడాదికి మూడు టర్ములు, టర్ముకి ఎన్ని సబ్జెక్టులు తీసుకోవాలో మన ఇష్టం, ఉద్యోగం చేసేవాడికి ఇది పెద్ద సుఖం. ఫౌండేషన్, డిప్లొమా, బీఎస్సీ, బీఎస్ అని మెట్లుంటాయి, ఏ మెట్టు దగ్గర ఆగినా దానికో కాగితం వస్తుంది. ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. పాఠాలు ఆన్‌లైనే గానీ పరీక్షలు సెంటర్‌కి వెళ్ళి రాయాలి. గణితం మాత్రం గట్టిగా ఉంటుంది, ఎంపీసీలో లెక్కలు బట్టీ పట్టి గట్టెక్కినవాడికి మొదటి టర్ములోనే చుక్కలు కనిపిస్తాయి.

డబ్బు లెక్క కాగితం మీద వేయండి. సీటీసీ, అంటే కంపెనీ అబ్బాయి మీద పెట్టే మొత్తం ఖర్చు, ఏడాదికి 2,20,000 అన్నారనుకుందాం. నెలకి 18,333 వస్తుందని ఇంట్లో అనుకుంటారు, రాదు. బేసిక్ 9,000 అనుకుంటే కంపెనీ వాటా పీఎఫ్ 1,080, గ్రాట్యుటీ 433, కంపెనీ కట్టే ఈఎస్ఐ 3.25 శాతం అన్నీ సీటీసీలోంచే పోతాయి. అవి తీసేస్తే గ్రాస్ సుమారు 16,290. అందులోంచి అబ్బాయి పీఎఫ్ 1,080, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 122, వృత్తి పన్ను 150 పోయి చేతికొచ్చేది 15 వేలకి కాస్త తక్కువ. గ్రాస్ 21,000 దాటేదాకా ఈఎస్ఐ ఉంటుంది, దాన్ని దండగ అనుకోకండి, హాస్టల్లో జ్వరం పడితే పనికొచ్చేది అదే.

ఇప్పుడు ఖర్చు వైపు. శిక్షణ ఫీజు ఉంటే దాని మీద 18 శాతం జీఎస్‌టీ వేరు. ఫీజు లక్ష అనుకుంటే 1,18,000 అవుతుంది. బ్యాంకు అప్పు 12 శాతం వడ్డీకి 36 నెలలు పెట్టుకుంటే వాయిదా నెలకి 3,920 దగ్గర పడుతుంది. హాస్టల్ 7,000, రాకపోకలు, ఫోను, సబ్బులు కలిపి 2,000 అనుకున్నా మిగిలేది 2,000 చిల్లర, డిగ్రీ ఫీజు అందులోంచే రావాలి. అంటే మొదటి రెండేళ్ళు అబ్బాయి ఇంటికి డబ్బు పంపలేడు. ఈ మాట వాళ్ళమ్మకి ముందే చెప్పండి. పంపమని ఒత్తిడి చేస్తే మొదట ఆగేది డిగ్రీ ఫీజే. కేసరపల్లి లాంటి దగ్గరి చోట పోస్టింగ్ అయితే నెలకోసారి ఇంటికొచ్చి పచ్చళ్ళు పట్టుకెళ్ళినా కొంత కలిసొస్తుంది.

కంపెనీ డిగ్రీ ఫీజు కడుతుంది అన్నప్పుడు మూడు విషయాలు రాతలో అడగండి: ముందే కడుతుందా, మనం కట్టాక తిరిగిస్తుందా? ఫెయిలైన పేపరు ఫీజు ఎవరిది? మధ్యలో మానేస్తే కట్టింది వెనక్కి ఇవ్వాలా?

బాండ్, అంటే ఇన్నేళ్ళు పనిచేస్తాను, ముందే మానేస్తే ఇంత కడతాను అని రాసివ్వడం. బాండ్లు కోర్టులో నిలవవు, సంతకం పెట్టెయ్ అనే సలహాదారులు ఊరికి పదిమంది ఉంటారు. అది పాతకాలం మాట. కంపెనీ నిజంగా శిక్షణ మీద ఖర్చు పెట్టి, అడిగే మొత్తం సబబుగా ఉంటే నిలుస్తుంది. ఒక ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగి కేసులో 2 లక్షల బాండ్ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పు ఇచ్చింది. కాబట్టి చదివి పెట్టండి. చూడాల్సినవి: గడువు శిక్షణ మొదలైన రోజు నుంచా, ఉద్యోగంలో చేరిన రోజు నుంచా (ఇక్కడే ఏడాది తేడా వస్తుంది), పనిచేసిన నెలలని బట్టి మొత్తం తగ్గుతూ పోతుందా, చివరి నెల మానేసినా పూర్తిగా కట్టాలా, శిక్షణ చివరి పరీక్షలో తప్పితే ఫీజు వెనక్కి వస్తుందా, కంపెనీయే తీసేస్తే బాండ్ వర్తిస్తుందా. అబ్బాయికి 18 నిండకపోతే అతని సంతకం చెల్లదు, తండ్రో సంరక్షకుడో పెట్టాలి. పెట్టినవాళ్ళ మీదే బాధ్యత పడుతుందని గుర్తుంచుకుని మీరు కలం తీయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తీసుకోవాలి, ఇచ్చి రావద్దు. ఇంటర్ మెమో డిజిలాకర్‌లో ఉంటుంది, అది చూపిస్తే చాలు.

పని ఎలా ఉంటుంది. మొదటి ఏడాదిన్నర కోడింగ్ ఉంటుందని ఆశపడొద్దు. ఇంటర్ మీద తీసుకున్నవాళ్ళకి ఎక్కువగా ఇచ్చేది ఎల్1 (మొదటి అంచె) సపోర్టు, సర్వర్ల పర్యవేక్షణ, మాన్యువల్ టెస్టింగ్. టికెట్ (ఫిర్యాదు) వస్తుంది, రాసిచ్చిన పద్ధతి ప్రకారం నాలుగు అడుగులు వేస్తారు, తెగకపోతే ఎల్2కి పంపిస్తారు. పీ1 (అత్యవసర) టికెట్ పడితే భోజనం మధ్యలోంచి లేవాలి. దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. సర్వర్ ఎందుకు పడిపోతుందో, డేటాబేస్ ఎక్కడ నెమ్మదిస్తుందో కళ్ళారా చూసినవాడికి ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ పేపర్లు పుస్తకం పట్టినవాడికన్నా బాగా వస్తాయి. ప్రమాదమల్లా ఎల్1లోనే నాలుగేళ్ళు ఉండిపోవడం. దానికి విరుగుడు మొదటి ఆరు నెలల్లో లినక్స్ కమాండ్లు, ఎస్‌క్యూఎల్, గిట్, పైథాన్‌లో చిన్న స్క్రిప్టులు, ఈ నాలుగూ చేతికి పట్టించుకోవడం. రోజూ చేతితో చేసే పనొకటి స్క్రిప్టుతో చేసి చూపించినవాణ్ణి ఎల్2 వాళ్ళే వచ్చి అడుగుతారు.

అప్రెంటిస్‌గా చేరి, పని నేర్పకుండా ఆరు నెలలు ఎక్సెల్‌లో పేర్లు ఎక్కించడమే చేయిస్తుంటే ఊరుకోవద్దు. శిక్షణ ప్రణాళిక కాంట్రాక్టుతో పాటే ఉంటుంది. అది చూపించి మొదట మెంటర్‌ని, తర్వాత కాలేజీ సమన్వయకర్తని అడగాలి, అప్పటికీ కదలకపోతే పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. అందుకే లాగ్‌బుక్ కావాలి. రోజూ ఐదు గడులు: తేదీ, చేసిన పని, వాడిన టూల్, పట్టిన గంటలు, ఎక్కడ ఆగింది. వారానికోసారి మెంటర్ సంతకం. నెలాఖరున ఒక్కసారే కూర్చుని రాస్తే అన్ని రోజులూ ఒకేలా కనిపిస్తాయి, వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

ప్రాజెక్టు రిపోర్టులో క్లయింటు కోడ్ పెట్టకండి. ఇది గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆఫీసులో చేసిన పనినే డిగ్రీ ప్రాజెక్టుగా చూపిద్దామని అందరికీ అనిపిస్తుంది, తేలిక కూడా. కానీ స్క్రీన్‌షాట్‌లో క్లయింటు పేరున్నా, రెండు పంక్తుల కోడ్ ఉన్నా, సర్వర్ చిరునామా ఉన్నా గోప్యత ఒప్పందం తప్పినట్టే. కంపెనీ అనుమతి లేఖ ఇవ్వదు, లేఖ లేకుండా విశ్వవిద్యాలయం తీసుకోదు, గడువుకి పదిరోజుల ముందు కొత్త ప్రాజెక్టు వెతుక్కోవాలి. ఆఫీసు కోడ్‌ని సొంత గిట్‌హబ్‌లోకో, బయటి ఏఐ టూల్‌లోకో ఎక్కిస్తే ఉద్యోగమే పోతుంది.

బహిరంగంగా దొరికే అంకెలతో సొంత ప్రాజెక్టు చేసుకోవడం మేలు. మన దగ్గర అంకెలకి కరువా? భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకి ఒకటి, రెండు, మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అవే 11.75, 13.75, 17.75 అడుగులు. పైన నీటిమట్టం చూసి కింద ఎన్ని గంటల తర్వాత ఎంతకి చేరుతుందో అంచనా కట్టే ప్రోగ్రామ్ రాస్తే డేటా సేకరణ, శుభ్రం చేయడం, గ్రాఫులు, రిగ్రెషన్ అన్నీ వస్తాయి. వరదల్లో లంకలోంచి సామాను మోసుకొచ్చిన ఇంట్లో పుట్టినవాడు ఆ ప్రాజెక్టు గురించి వైవాలో తడుముకోకుండా మాట్లాడతాడు. భీమవరం చెరువుల్లో ఆక్సిజన్ రీడింగులు, అంబాజీపేట కొబ్బరి ధరలు కూడా ఇలాగే పనికొస్తాయి.

వారానికి ఎన్ని గంటలు? ఏడాదికి 40 క్రెడిట్లంటే 1,200 గంటలు, వారానికి 23. ఇందులో క్లాసులు, అసైన్‌మెంట్లు అన్నీ కలిసి ఉంటాయి. ఉద్యోగం చేసేవాడికి 23 కుదరదు. 14 గంటలు క్రమం తప్పకుండా పెడితే బీసీఏ గట్టెక్కుతుంది, పరీక్షల నెలలో 20. జనరల్ షిఫ్టు అయితే సోమవారం నుంచి గురువారం దాకా తెల్లవారి ఐదున్నర నుంచి ఏడు వరకు, శని ఆదివారాలు నాలుగేసి గంటలు. శుక్రవారం వదిలేయండి, ఆ రోజు ఎలాగూ ఎవరూ చదవరు. రాత్రి షిఫ్టు అయితే డ్యూటీ దిగి వచ్చాక చదువుదామనుకోవడం పొరపాటు, పుస్తకం మీదే నిద్రపోతారు. ముందు నిద్ర, లేచి భోంచేసి, షిఫ్టుకి వెళ్ళే ముందు రెండు గంటలు.

ఇంటర్నల్ 30, చివరి పరీక్ష 70 ఉండే చోట, మొత్తం 40 పాస్ అయితే, ఇంటర్నల్స్ వదిలేసినవాడు 70లో 40 తెచ్చుకోవాలి. 25 తెచ్చుకున్నవాడికి 15 చాలు (చివరి పరీక్షలో విడిగా పాస్ మార్కు ఉందేమో నియమావళిలో చూసుకోవాలి). అసైన్‌మెంట్ నాసిరకంగా ఉన్నా సరే, గడువు లోపల పెట్టేయాలి.

సెలవులు పరీక్షల కోసం దాచుకోవాలి, ఏడాదికి కనీసం 8. టైమ్‌టేబుల్ వచ్చిన రోజే మేనేజరుకి మెయిల్ పెట్టాలి, నోటిమాటగా చెబితే టీమ్ మారినప్పుడు ఆ మాట కూడా పోతుంది. చేరిన మొదటి వారంలోనే "నేను ఫలానా డిగ్రీ చదువుతున్నాను, పరీక్షలు ఫలానా నెలల్లో ఉంటాయి, ఆ వారాల్లో జనరల్ షిఫ్టు ఇప్పించండి" అని రాసిపెడితే తర్వాత అడగడం తేలిక. జనవరిలో పరీక్ష పడితే సంక్రాంతి రద్దీ తగులుకుంటుంది. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, గౌతమికో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌కో ఆ ఉదయమే కొట్టాలి. ఇంట్లోంచి ఆన్‌లైన్ పరీక్ష రాయాల్సి వస్తే పండక్కి వచ్చిన ఇంట్లో, తుఫాను రోజుల్లో మన ఊరి కరెంటుని నమ్ముకోవద్దు, అమలాపురంలోనో రాజమండ్రిలోనో ఒక గది చూసుకోండి. పరీక్ష మధ్యలో కెమెరా ముందుకి పిల్లలు వచ్చినా, పక్కనుంచి ఎవరైనా పలకరించినా మోసం కింద రాసేసుకుంటారు. ల్యాప్‌టాప్ కొనేటట్టయితే 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్నది, పాతదైనా ఫర్వాలేదు. కంపెనీ ల్యాప్‌టాప్ మీద డిగ్రీ పని చేయకూడదు.

కామెంట్లలో ఇంకొకరు ఇంగ్లండ్‌లో డిగ్రీ అప్రెంటిస్‌షిప్ సంగతి అడిగారు. అక్కడ 2015 నుంచి ఉంది, మంచి పద్ధతే. ఫీజు కంపెనీ, ప్రభుత్వం కలిసి కడతాయి, విద్యార్థికి జీతం కూడా వస్తుంది. అయితే ఆ సొమ్ము రావాలంటే మామూలుగా అంతకుముందు మూడేళ్ళు అక్కడే నివాసం ఉండి ఉండాలి. ఇక్కణ్ణుంచి నేరుగా దానికి పంపిస్తామని డబ్బు అడిగే కన్సల్టెన్సీ గుమ్మం తొక్కొద్దు.

మీ మేనల్లుడి విషయానికొస్తే, ఆఫర్ మీద సంతకం పెట్టేలోగా ఒక పని చేయించండి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నాలుగూ బల్ల మీద పెట్టి పేరు ఒక్కో అక్షరం సరిచూడండి. మన వాళ్ళకి ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరం, మరోచోట వెనకాల ఉండటం మామూలే. ఏబీసీ ఐడీ, పీఎఫ్ ఖాతా, నాట్స్ పోర్టల్, స్టైపెండ్ పడే బ్యాంకు ఖాతా అన్నీ ఆధార్‌తో పేరు కలిస్తేనే ముందుకి కదులుతాయి, లేకపోతే మూడు నెలల డబ్బు ఎక్కడో ఆగిపోతుంది. తేడా ఉంటే ఆధార్‌నే పదో తరగతి మెమోకి తగ్గట్టు మార్పించండి, మెమో జోలికి వెళ్ళొద్దు. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు కాబట్టి మీసేవా కౌంటర్ దగ్గర అబ్బాయినే నిలబెట్టి, స్క్రీన్ మీద స్పెల్లింగ్ చదివించాకే ఓకే అననివ్వండి.